ఆ గీతలు చెరపకండి బాబూ!

ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదివిన ప్రతివాడికీ రెండు విషయాలు జన్మలో మర్చిపోవడం కుదరదు. ఒకటి డ్రాఫ్టరు. రెండోది ఆ డ్రాఫ్టరుని చంకలో ఇరికించుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడిన బస్సు. ఇప్పుడు జావాతోనో పైథాన్‌తోనో కుస్తీ పడుతున్న మీలో చాలామంది ఒకప్పుడు తెల్లవార్లూ కూర్చుని ఎలిప్సులు గీసినవాళ్ళే. నారాయణ, కన్నయ్య గార్ల పుస్తకమో, ఎన్.డి. భట్ గారి పుస్తకమో ముందేసుకుని... కాన్సెంట్రిక్ సర్కిల్స్ పద్ధతి గుర్తుందా? పెద్ద సున్నా, దాని లోపల చిన్న సున్నా. రెంటినీ 12 భాగాలు చెయ్యడం. పెద్ద సున్నా మీంచి నిలువు గీత, చిన్న సున్నా మీంచి అడ్డగీత, రెండూ కలిసిన చోట ఓ చుక్క. చుక్కలన్నీ కలిపితే ఎలిప్స్. పుస్తకంలో ఎలిప్స్ అన్నమాట. నా షీటు మీద మాత్రం అది వంకాయ :)

ఆ వంకాయకి మా డ్రాయింగు సారు పదికి ఆరు వేశారు. నా పక్కన కూర్చునేవాడిది ముత్యంలాంటి ఎలిప్స్. షీటు నీట్‌గా ఉండాలని పాపం కింద గీతలన్నీ రబ్బరుతో శుభ్రంగా చెరిపేశాడు. వాడికి పదికి మూడు. వాడు లబోదిబోమంటే సారు అన్నమాట ఇది: "ఎలిప్స్ బానే ఉందిరా. కానీ నువ్వు గీశావో, ఎవడి షీటు మీదో పెట్టి దించేశావో నాకెలా తెలుస్తుంది? గీతలుంటే నువ్వెలా ఆలోచించావో తెలుస్తుంది. వాడు తప్పు చేసినా ఎక్కడ చేశాడో కనపడుతోంది."

ఆ రోజు నవ్వుకున్నాను. తర్వాత పన్నెండేళ్ళకి అదే తప్పు నేను ఒక షీటు మీద కాదు, కొన్ని వందల డ్రాయింగుల మీద చేశాను. అదీ ప్రోగ్రాము రాసి మరీ చేశాను. ఆ కథ, దాంతోపాటు కాడ్ డ్రాయింగుల్లో కన్‌స్ట్రక్షన్ లైన్ల గురించి నాకున్న గట్టి అభిప్రాయం ఒకటి చెబ్దామనే ఈ టపా.

కాడ్ మొహం చూడని సాఫ్ట్‌వేర్ సోదరుల కోసం ముందు కొంచెం. బోర్డు మీద గీసే రోజుల్లో అసలు బొమ్మని హెచ్‌బీ పెన్సిల్‌తో గాఢంగా, దానికి ఆధారంగా గీసుకునే గీతల్ని 2హెచ్ పెన్సిల్‌తో కనపడీ కనపడనట్టు గీసేవారు. అవే కన్‌స్ట్రక్షన్ లైన్లు. కాడ్‌లోకి వచ్చాక కూడా అవి పోలేదు. ఆటోకాడ్‌లో ఎక్స్‌లైన్ అని ఒక కమాండుంది. 1994లో వచ్చిన రిలీజ్ 13తో వచ్చింది. ఈ ఎక్స్‌లైన్‌కి ఆదీ లేదు, అంతమూ లేదు. రెండువైపులా అనంతంగా పోతుంది. దాని తమ్ముడు రే. అది ఒక చోట మొదలై ఒకవైపే పోతుంది. ఎక్స్‌లైన్‌ని ఒకవైపు ట్రిమ్ చేస్తే రే అవుతుంది, రెండోవైపూ ట్రిమ్ చేస్తే మామూలు గీత అవుతుంది. (నాకు వేదాంతం కనపడే ఏకైక ఆటోకాడ్ కమాండు ఇదే.) ఒక గీతని సమాన భాగాలు చెయ్యడానికి డివైడ్, ఇంత దూరానికొకటి చొప్పున గుర్తులు పెట్టడానికి మెజర్. ఈ రెండూ పెట్టే పాయింట్లు మామూలుగా కంటికి ఆనవు. కొత్తగా నేర్చుకునేవాడు "సార్, డివైడ్ పనిచెయ్యట్లేదు" అని పరిగెత్తుకొస్తాడు. పాయింటు స్టైలు మారిస్తే అన్నీ నక్షత్రాల్లా బయటపడతాయి.

అసలు కాడ్ అనేదానికి ముత్తాత లాంటి స్కెచ్‌ప్యాడ్‌లోనే ఈ వ్యవహారం ఉంది. ఇవాన్ సదర్లాండ్ 1963లో ఎంఐటీలో సమర్పించిన పీహెచ్‌డీ పని అది. టీఎక్స్-2 అనే కంప్యూటరు, తెర మీద ముట్టించి గీసే లైట్ పెన్. ఆ థీసిస్ మొదట్లో ఆయన ఇచ్చిన ఉదాహరణ ఒక షడ్భుజి గీయడం. ముందు వంకరటింకరగా ఆరు భుజాల బొమ్మ గీస్తాడు. ఒక వృత్తం గీసి, మూలలన్నిటినీ దాని మీదకి జరుపుతాడు. భుజాలన్నీ సమానం కావాలని కంప్యూటరుకి చెబుతాడు. పని అయ్యాక ఆ వృత్తాన్ని చెరిపేస్తాడు. అంటే కాడ్ పుట్టినప్పుడే కన్‌స్ట్రక్షన్ గీతా పుట్టింది, దాన్ని చెరిపేసే అలవాటూ పుట్టింది! ఏమాటకామాటే చెప్పుకోవాలి, స్కెచ్‌ప్యాడ్‌కి "ఈ భుజం ఆ భుజానికి సమానం" లాంటి సంబంధాలు గుర్తుపెట్టుకునే తెలివి ఉంది. తర్వాత మన ఆఫీసుల్లో దశాబ్దాల పాటు వాడిన టూడీ డ్రాయింగుల్లో ఆ తెలివి లేదు. వృత్తం చెరిపేస్తే మిగిలేది ఆరు గీతలే, వాటి వెనక కారణం కాదు.

ఇక నా కథ.

2006లో నేను హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేసేవాణ్ణి. విదేశీ క్లయింట్లకి స్టీలు కట్టడాల డ్రాయింగులు గీసిపెట్టే కంపెనీ. నలభైమంది డ్రాఫ్ట్స్‌మెన్, వాళ్ళ పని తేలిక చెయ్యడానికి ఆటోలిస్ప్ రాసే జీవిని నేనొక్కణ్ణి. బ్రాకెట్లు లెక్కపెట్టుకోవడమే నా ఉద్యోగం. (లిస్ప్ రాసినవాళ్ళకి ఈ జోకు అర్థమవుతుంది, మిగతావాళ్ళు అదృష్టవంతులు.)

అక్కడ ఒకాయన ఉండేవారు. అందరం ఆయన్ని గురువుగారు అనేవాళ్ళం, నేనూ అలాగే అంటాను. డిప్లొమా చదివి, ఏదో కర్మాగారం డ్రాయింగాఫీసులో ఇరవయ్యేళ్ళు బోర్డు మీద గీసి, అది మూతపడ్డాక మౌస్ పట్టుకున్న మనిషి. టైపింగు రెండు వేళ్ళతోనే. కానీ ఆయన డ్రాయింగులో తప్పు దొరికితే టీ నేను ఇప్పిస్తానని చెకింగ్ వాళ్ళు పందెం కాసేవారు, ఎప్పుడూ ఇప్పించాల్సిన అవసరం రాలేదు. ఆయన ఏ పనైనా ముందు ఖాళీ తెర మీద గీతలతో మొదలెట్టేవారు. రేలు, ఎక్స్‌లైన్లు, చిన్న చిన్న వృత్తాలు. గంటసేపు అసలు బొమ్మే ఉండదు. మా మేనేజరుగారికి అది చూస్తే ఒళ్ళు మండేది. "ఏంటండీ పొద్దుట్నుంచీ సాలెగూడు అల్లుతున్నారు?" అనేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవారు. పని అయ్యాక ఆ సాలెగూడంతా ఒక లేయరులో పెట్టి, దాన్ని ఫ్రీజ్ చేసేవారు. తెర మీద కనపడదు, ప్రింటులో రాదు. ఫైల్లో మాత్రం ఉంటుంది.

ఈలోగా ఒక క్లయింటు నుంచి మెయిలొచ్చింది. మీ ఫైళ్ళలో అనవసరమైన గీతలు, వాడని లేయర్లు ఉంటున్నాయి, శుభ్రం చేసి పంపండి అని. మేనేజరుగారు నన్ను పిలిచారు. నేను మధ్యాహ్నం టీ టైముకల్లా ప్రోగ్రాము చేసి ఇచ్చేశాను. ఫైల్లో ఉన్న ఎక్స్‌లైన్లనీ రేలనీ అన్నిటినీ ఏరి, ఒక్కొక్కటీ తీసేసి, చివర్న పర్జ్ కొట్టడం. మొత్తం కలిపి పదిహేను లైన్లు లేదు. ఆటోలిస్ప్‌లో "ఎస్ఎస్‌గెట్" అనే ఫంక్షన్‌కి "ఎక్స్" అని ఇస్తే ఫైలంతా వెతుకుతుంది, ఫ్రీజ్ చేసిన లేయర్లలో దాక్కున్నవాటితో సహా పట్టుకొస్తుంది. ఆ సంగతి అప్పుడే తెలుసుకుని నేను మురిసిపోయాను కూడా. దొంగల్ని గోడ వెనక నుంచి లాక్కొచ్చినంత సంబరం. ఫోల్డరు మొత్తం మీద ఒకేసారి నడిచేలా చేశాను. క్లయింటుకి వెళ్ళే కాపీకీ, మా దగ్గరుండే అసలు ఫైలుకీ తేడా పెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు, నన్ను అడిగినవాళ్ళకీ రాలేదు.

ఐదారు నెలల తర్వాత ఒక ట్యాంకు డ్రాయింగు రివిజన్‌కి వచ్చింది. ఇక్కడ కొంచెం లెక్కలున్నాయి, ఓపిక పట్టండి. ఎందుకంటే అసలు కిటుకంతా లెక్కలోనే ఉంది.

అది 18 మీటర్ల వ్యాసమున్న ఉక్కు ట్యాంకు. దాని పైభాగంలో మనిషి నడవడానికి చుట్టూ ప్లాట్‌ఫారం. ఆ ప్లాట్‌ఫారాన్ని మోసే బ్రాకెట్లు 24, అంటే 15 డిగ్రీలకొకటి. మేం గీసేది ప్లాట్‌ఫారం మాత్రమే, ట్యాంకు వేరేవాళ్ళది. ట్యాంకు గోడని పలకలు వంచి, నిలువుగా అతుకులు వెల్డు చేసి కడతారు. పైవరసలో ఆరు పలకలు, ఒక్కొక్కటీ సుమారు 9.42 మీటర్లు. అంటే 60 డిగ్రీలకొక నిలువు అతుకు, మొదటిది 4 డిగ్రీల దగ్గర. వెల్డు మీద మళ్ళీ వెల్డు పడకూడదు, దగ్గరికి కూడా రాకూడదు. అక్కడ లోహం అప్పటికే ఒకసారి కాలి చల్లారి ఉంటుంది, బలహీనత అక్కడ్నుంచే మొదలవుతుంది. మా డ్రాయింగులో ఈ అతుకులు ఉండవు. అవి ట్యాంకు కట్టేవాళ్ళ డ్రాయింగులో ఉంటాయి.

గురువుగారు ఏం చేశారంటే, ఆ రెండో డ్రాయింగు తెప్పించుకుని, ఆరు అతుకులకీ ఆరు రేలు గీశారు. 60ని 15 సరిగ్గా భాగిస్తుంది కదా. కాబట్టి ఒక్క బ్రాకెట్‌ని అతుకు నుంచి అరగది దూరంలో, అంటే 7.5 డిగ్రీల దూరంలో పెడితే చాలు, ఆరు అతుకులూ రెండేసి బ్రాకెట్లకి సరిగ్గా మధ్యలో పడతాయి. 4కి 7.5 కలిపితే 11.5. మొదటి బ్రాకెట్ 11.5 డిగ్రీల దగ్గర, అక్కడ్నుంచి 15 చొప్పున. ప్రతి అతుకుకీ అటూ ఇటూ 1.18 మీటర్ల దూరం. ఒక్క గీతతో 24 బ్రాకెట్లూ క్షేమం. చూడ్డానికి ఇంత తేలిగ్గా ఉందంటే దాని వెనక ఇరవయ్యేళ్ళ బోర్డు ఉంది.

నా ప్రోగ్రాము ఆ ఆరు రేలనీ తీసేసింది. డ్రాయింగులో మిగిలింది "11.5" అన్న ఒక్క అంకె.

రివిజన్ ఏంటంటే, ట్యాంకుకి కొత్తగా ఒక నాజిల్ వచ్చింది, అది సరిగ్గా ఒక బ్రాకెట్ ఉన్నచోటే పడింది. గురువుగారు అప్పుడు వేరే ప్రాజెక్టులో ఉన్నారు. ఇంకో కుర్రాడికిచ్చారు. వాడు తెలివైనవాడే. బ్రాకెట్ నాజిల్‌కి తగులుతోందంటే ఏం చెయ్యాలి? ఉంగరం మొత్తాన్ని అరగది తిప్పితే నాజిల్ రెండు బ్రాకెట్లకి మధ్యలో పడుతుంది. ఎవరైనా అదే చేస్తారు, నేనైనా అదే చేస్తాను. 7.5 డిగ్రీలు వెనక్కి తిప్పాడు. పైగా 11.5 అనే పిచ్చి అంకె పోయి 4 అనే చక్కటి అంకె వచ్చింది. చెకింగ్‌లోనూ పాసయింది. పాసవక ఏం చేస్తుంది, చెక్ చేసేవాడికీ కనపడేది అదే బొమ్మ.

లెక్క మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. బ్రాకెట్లు 4, 19, 34, 49, 64... అతుకులు 4, 64, 124... 24 బ్రాకెట్లలో ఆరు సరిగ్గా అతుకుల నెత్తి మీద కూర్చున్నాయి. దగ్గరగా కాదు, మిల్లీమీటరు తేడా లేకుండా నెత్తి మీద. తప్పు చెయ్యాలని కూర్చుని లెక్క కట్టినా ఇంత కచ్చితంగా రాదు. ఆ రేలు ఉండుంటే కుర్రాడు లేయరు ఆన్ చేసి చూసి 3 డిగ్రీలు తిప్పి ఊరుకునేవాడు. నాజిల్ మధ్య నుంచి 470 మిల్లీమీటర్ల దూరం వచ్చేది, అది అక్కడికి చాలు. అతుకులకి ఇంకా 700 మిల్లీమీటర్లు మిగిలేది.

సైటులో బ్రాకెట్లకి మార్కింగ్ చేస్తున్న ఫిట్టరు ఎవరో చూసి ఆపాడు. వెల్డు పడకముందే ఆపాడు, అదొక్కటే అదృష్టం. నిచ్చెన దగ్గర గేటున్న ముక్క, నాజిల్ దగ్గర కోత ఉన్న ముక్క మళ్ళీ చెయ్యాల్సొచ్చింది. క్రేను ఖాళీగా నిలబడ్డ రోజులకి క్లయింటు మాకు బిల్లు పంపాడు.

మీటింగు పెట్టారు. డ్రాయింగు మూల "గీసినవారు" అనే గడిలో గురువుగారి పేరుంది. "అతుకుల సంగతి మీరు చూసుకోలేదా?" అన్నారు. ఆయన "చూసుకున్నానండీ. గీతలు గీసి పెట్టాను, లేయరులో ఉండాలి" అన్నారు. ఫైలు తెరిచారు. లేయరే లేదు. పర్జ్ కొట్టాక ఖాళీ లేయరు ఎక్కడుంటుంది? "మరి లేవుగా" అన్నారు మేనేజరుగారు. ఆయన మాట్లాడలేదు. నా వైపు కూడా చూడలేదు, ఎందుకంటే ఆయనకి నా ప్రోగ్రాము సంగతే తెలియదు.

నాకు తెలుసు. నేను ఆ గదిలోనే ఉన్నాను. నాకు అర్థమైపోయింది, అరచేతులు చెమట పట్టాయి. నేను ఆ రోజు నోరు విప్పలేదు. మర్నాడూ విప్పలేదు. మూడోరోజు మేనేజరుగారి దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయన విని, "సరేలే, అయిపోయిందేదో అయిపోయింది, క్లయింటుకి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తప్పని చెబితే ఇంకా అసహ్యంగా ఉంటుంది" అన్నారు. ఆ ఏడాది గురువుగారికి ఇంక్రిమెంటు రాలేదు. నాకొచ్చింది.

గురువుగారి దగ్గరికెళ్ళి కూడా చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఆ గీతలు చెరపకండి బాబూ" అన్నారు. ఇంకేమీ అనలేదు. మామూలుగా నన్ను నువ్వు అనే మనిషి, ఆ రోజు మీరు చేసేశారు.

సరే. ఇంతకీ నా అభిప్రాయమేంటంటే, కన్‌స్ట్రక్షన్ గీతలన్నీ ఒక జాతి కావు. రెండు జాతులు. ఒకటి పనిగీత. దీర్ఘచతురస్రం మధ్య బిందువు కోసం మూల నుంచి మూలకి గీసుకుంటామే, అది. మధ్య దొరికాక దాని పని అయిపోయింది, తీసి పారెయ్యొచ్చు. ఇంకా చెప్పాలంటే గీయడమే దండగ. 1999లో వచ్చిన ఆటోకాడ్ 2000 నుంచే ఆబ్జెక్ట్ స్నాప్ ట్రాకింగు ఉంది. రెండు పాయింట్ల మధ్య బిందువు, ఫలానా చోటి నుంచి ఇంత దూరం లాంటివన్నీ గీత గీయకుండానే పట్టుకోవచ్చు. ఇలాంటి గీతల్ని కుప్పలుగా వదిలేసేవాళ్ళ మీద నాకూ కోపమే. తర్వాతివాడు స్నాప్ చెయ్యబోతే అది వెళ్ళి ఈ చెత్తగీత కొసని పట్టుకుంటుంది. అర మిల్లీమీటరు తేడాతో నాలుగు చోట్ల కొలతలు తప్పుతాయి.

రెండోది కారణం గీత. గురువుగారి ఆరు రేలు లాంటిది. అది బొమ్మలో లేని విషయాన్ని బొమ్మలోకి తెస్తుంది. పక్కవాడి డ్రాయింగులో ఉన్న అతుకు, భూమిలో ఉన్న పైపు, తలుపు తెరుచుకోవడానికి కావాల్సిన జాగా, క్రేను కొక్కెం తిరిగే వృత్తం. దీన్ని తీసేస్తే బొమ్మ ఏమీ మారదు. అందుకే దీన్ని తియ్యడం అంత సులువు, అంత ప్రమాదం కూడా. ప్రోగ్రాముకి ఈ రెండు జాతులకీ తేడా తెలియదు. రెండూ ఎక్స్‌లైన్లే.

మా అమ్మ ముగ్గు పెట్టేటప్పుడు 15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క అని పెట్టి, మెలికలు తిప్పుతుంది. ముగ్గయ్యాక చుక్కల్ని తుడిచెయ్యదు. పక్కింటావిడ వచ్చి నిలబడి, చుక్కలు లెక్కపెట్టుకుని, ఇంటికెళ్ళి అదే ముగ్గు వేసుకుంటుంది. చుక్కలు లేకపోతే ఆవిడకి మెలికలే కనపడతాయి, ఎక్కడ మొదలెట్టాలో తెలియదు. మేనేజ్‌మెంటు భాషలో దీన్నే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని పీపీటీలు వేస్తారు.

"గీతలు ఉంచాలంటున్నావు బానే ఉంది, మరి ప్రింటులో వస్తే?" అంటారు. రాకుండా చెయ్యడం ఒక్క క్లిక్కు పని. లేయరుకి ప్లాట్ కాకూడదని పెట్టే సదుపాయం ఎప్పట్నుంచో ఉంది. కానీ మనవాళ్ళు దానికి కూడా బద్ధకించి అన్నీ డెఫ్‌పాయింట్స్ లేయరులో పడేస్తారు. డైమెన్షన్ పెడితే ఆటోకాడ్ తనంతట తానే పుట్టించుకునే లేయరది, ఎలాగూ ప్రింటవదు కదా అని. నాకు ఆ అలవాటు నచ్చదు. అది ఆటోకాడ్ సొంత గది, అందులో మన పాత సామాన్లు పెట్టుకోవడమేంటి? పైగా నాలుగు ప్రాజెక్టుల వాళ్ళ చెత్తా అందులోనే ఉంటుంది. చెత్తలో ఉన్న కారణం గీతకి చెత్త గౌరవమే దక్కుతుంది.

ఇంకో అభ్యంతరం నిజంగా బలమైనది. డీఎక్స్ఎఫ్ ఫైలు తిన్నగా లేజర్ కటింగ్ మెషీనుకి వెళ్ళే చోట్ల, తియ్యని గీత కూడా కోత అవుతుంది. చెత్తగీత ఒక్కటి మిగిలితే పలక రెండు ముక్కలు. నిజమే. అందుకే బయటికి పంపే కాపీ వేరు, ఇంట్లో ఉంచుకునే అసలు వేరు అంటాను. పంపే కాపీని ఎంత కావాలంటే అంత కడగండి. అసలు ఫైలు జోలికి పోకండి. మనం కూడా బిల్డ్ చేసి ఎగ్జిక్యూటబుల్ పంపుతాం గానీ, సోర్సు చెరిపేసి ఎగ్జిక్యూటబుల్ మాత్రం దాచుకోం కదా? నేను 2006లో చేసింది సరిగ్గా అదే.

"ఇప్పుడంతా పారామెట్రిక్ కదా, ఈ గోలే లేదు" అనేవాళ్ళూ ఉన్నారు. కొంత నిజం. సాలిడ్‌వర్క్స్‌లో ఏ గీతనైనా కన్‌స్ట్రక్షన్ గీతగా మార్చేస్తే అది ఘనరూపంలోకి రాదు, స్కెచ్‌లో ఆధారంగా మాత్రం ఉండిపోతుంది. ఫ్రీకాడ్‌లోనూ అంతే. అంటే ఈ సాఫ్ట్‌వేర్లలో ఆధారాన్ని చెరిపితే దాని మీద నిలబడ్డదీ గోల పెడుతుంది, కాబట్టి ఎవడూ ధైర్యం చెయ్యడు. చాలా మంచిది. అయితే అక్కడా ఒక తిరకాసుంది. తొందరలో ఉన్నవాళ్ళు విడిగా ఆధారం గీయకుండా, అప్పటికే ఉన్న ఏదో అంచునో ముఖాన్నో పట్టుకుని దాని మీద స్కెచ్ కట్టేస్తారు. రేపు ఆ అంచుకి ఫిల్లెట్ కొడితే అంచు మాయం, దాని మీద కట్టిందంతా కూలిపోతుంది. ఫ్రీకాడ్ వాళ్ళు టోపోలాజికల్ నేమింగ్ సమస్య అని ఏళ్ళ తరబడి తల బాదుకున్నది దీని చుట్టూనే. 2024 నవంబరులో వచ్చిన 1.0లో చాలావరకు సర్దారు. అంతకాలం తెలిసినవాళ్ళు ఇచ్చిన సలహా ఏంటంటే, అంచుల్ని నమ్మకు, విడిగా ఒక డేటమ్ ప్లేనో, అస్థిపంజరం లాంటి మూల స్కెచ్చో గీసుకుని దాని మీద కట్టు అని. అంటే తిరిగి తిరిగి గురువుగారి సాలెగూటి దగ్గరికే. ముందు గంటసేపు గీతలు, తర్వాత బొమ్మ.

ఇంకోటి. పారామెట్రిక్ మోడల్ "ఈ కోణం 7.5" అని గుర్తుపెట్టుకుంటుంది, ఎందుకో గుర్తుపెట్టుకోదు. ఆ ఎందుకు అన్నది మనిషి రాయాల్సిందే. గీత పక్కన "టాప్ కోర్స్ నిలువు అతుకు, ట్యాంకు డ్రాయింగు చూడు" అని ఒక్క ముక్క రాస్తే చాలు. కామెంట్ రాయమంటే కోడే డాక్యుమెంటేషన్ అని కబుర్లు చెప్పే మనకి ఇది కొత్త పాఠమేమీ కాదు లెండి. మన కోడ్‌లో ఎన్ని 11.5లు లేవూ? పేమెంట్ టైమవుట్ 37 సెకన్లు. ఎందుకు 37? రాసినవాడు మానేసి మూడేళ్ళయింది. ఎవడో మంచివాడు దాన్ని చక్కగా 30 చేస్తాడు. తర్వాత రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది.

ఆ కంపెనీ నేను 2008లో మానేశాను. ఆ లిస్ప్ ఫైలు ఇంకా నా దగ్గరుంది. మానేసే ముందు దాన్ని మార్చాను. అసలు ఫైలుని ముట్టుకోదు, కాపీ చేసి కాపీని కడుగుతుంది. తియ్యబోయే ముందు ఫ్రీజ్ చేసిన లేయర్లలో ఏమున్నాయో లెక్క చెప్పి అడుగుతుంది. కొత్త వెర్షన్ పదిహేను లైన్లు కాదు, నూట పది లైన్లు వచ్చింది. తీసెయ్యడానికి పదిహేను, తియ్యకుండా ఉండడానికి తొంభై అయిదు.

గురువుగారు తర్వాత ఇంటి దగ్గరే కంప్యూటరు పెట్టుకుని చిన్న చిన్న ఫ్యాబ్రికేటర్లకి డ్రాయింగులు గీసిచ్చేవారు. మొన్నామధ్య మా ఊళ్ళో గోదాముకి షెడ్డు వేయిస్తుంటే ఆయన చేతే గీయించుకున్నాను. డబ్బులు వద్దన్నారు, బలవంతం చేసి ఇచ్చాను. మళ్ళీ నువ్వు అంటున్నారు, అది చాలు నాకు. ఫైలు పంపితే తెరిచి, అలవాటుగా లేయర్ల జాబితా చూశాను. గ్రిడ్, కాలమ్, పర్లిన్, డైమెన్షన్... చివర్న ఫ్రీజ్ చేసిన లేయరొకటి ఉంది. దాని పేరు "తీయకండి".